బుజ్జి ఆర్ట్స్, పాలకొల్లు

సిద్ధాంతం వంతెన దిగేదాకా శ్రీదుర్గ నిశ్చింతగానే ఉంది. రాజమండ్రిలో ఎంట్రన్సు పరీక్ష రాసి నాన్నతో ఇంటికి వెళ్తోంది. పొద్దున ప్రశ్నల పేపరు, మధ్యాహ్నం బొమ్మ పేపరు. రెండూ బాగానే కుదిరాయి. జొన్నాడ దగ్గర కొన్న జామకాయ సగం తిని, మిగతా సగం నాన్న చేతిలో పెట్టి, కిటికీకి తల ఆనించింది. వంతెన దిగాక రోడ్డు పక్కన ఒక రైసుమిల్లు గోడ కనిపించింది. గోడ పొడుగునా కాఫీపొడి ప్రకటన. పోయిన వేసవిలో తనూ నాన్నా రెండు రోజులు ఎండలో నిలబడి రాసిందే. కుడివైపు కింది మూల, బెత్తెడు ఎత్తున, రోజూ చూసే అక్షరాలు: బుజ్జి ఆర్ట్స్, పాలకొల్లు.

అది చూడగానే శ్రీదుర్గ కంగారుగా తల ఎత్తింది.

మధ్యాహ్నం తను వేసిన బొమ్మలో కూడా ఒక గోడ ఉంది. ‘బస్టాండులో ఉదయం’ వేయమన్నారు. తను పాలకొల్లు బస్టాండే వేసింది. నరసాపురం బస్సు, కొబ్బరి బొండాల బండి, బుట్ట నెత్తిన పెట్టుకున్న చేపల మనిషి, వాళ్ళందరి వెనకా ఒక పెద్ద గోడ, గోడ మీద కాఫీపొడి ప్రకటన. అంతా అయిపోయింది. గంట కొట్టారు. బ్రష్షు కడగబోయింది. కడగబోయే ముందు ఏం చేసింది? ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

ఇందులో అంత కంగారు పడాల్సిందేముందని మీరనొచ్చు. ఉంది. అది అర్థం కావాలంటే ముందు ఈ బుజ్జి ఎవరో తెలియాలి.

శ్రీదుర్గ తండ్రి అసలు పేరు కడలి త్రిమూర్తులు. రేషను కార్డులోనూ ఓటర్ల జాబితాలోనూ తప్ప ఆ పేరుకి వాడకం లేదు. పాలకొల్లులో ఆయన బుజ్జి. ముప్ఫై ఏళ్ళుగా బట్టల కొట్లకీ, పళ్ళ డాక్టర్లకీ, లారీలకీ, పడవలకీ, గెలిచిన పార్టీకీ ఓడిన పార్టీకీ పేర్లు రాసిన మనిషి. బోర్డు పూర్తయ్యాక బ్రష్షులో మిగిలిన రంగుతోనే మూలన సంతకం పెట్టాలి, ఆ తర్వాతే బ్రష్షు కడగాలి. అది ఆయన పద్ధతి. ఆ సంతకం చూసే ఇంకో బేరం వస్తుంది మరి. కూతురికి పదకొండో ఏట బ్రష్షు చేతికిచ్చినప్పుడు నేర్పిన మొదటి ముక్క కూడా అదే. ఎనిమిదేళ్ళలో ఆ పిల్ల చెయ్యి ఆ పేరు ఎన్ని వందలసార్లు రాసిందో. ఇప్పుడా చేతికి బుర్రతో పని లేదు. పని అయిందంటే చాలు, దానంతటదే మూలకి వెళ్తుంది.

పరీక్షలో ఏ గుర్తూ వేయకూడదని కాగితం మీద మూడుచోట్ల అచ్చు వేశారు. పేరు, ఊరు, నంబరు, ఏది కనిపించినా పేపరు రద్దు. దిద్దేవాళ్ళకి ఎవరి పేపరో తెలియకూడదుగా. గదిలో ఉన్న సారు రెండుసార్లు చదివి వినిపించాడు కూడా. శ్రీదుర్గ రెండుసార్లూ బుద్ధిగా తల ఊపింది. చెయ్యి మాత్రం తల ఊపలేదు.

"ఏవే అమ్మడూ, అలా అయిపోయావ్? వికారంగా ఉందా?" అన్నాడు త్రిమూర్తులు.

"ఏం లేదు నాన్నా. బస్సు పడలేదు."

"పడుకో కాసేపు. మార్టేరు వచ్చాక లేపుతాను" అని, ఆయన ముందు సీటు మనిషి వైపు తిరిగాడు. ఆ మనిషికి అప్పటికి గంట నుంచీ యూనివర్సిటీ చరిత్ర చెబుతున్నాడు.

ఆ చరిత్ర గురించి కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే త్రిమూర్తులు ఒప్పుకోడు. హైదరాబాద్‌లో సర్కారు వాళ్ళది బొమ్మలకీ డిజైన్లకీ ఒక యూనివర్సిటీ ఉందని ఆయనకి ఆ వేసవిలోనే తెలిసింది. దరఖాస్తుతో పాటు ఒక పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో సంస్థ పుట్టుక వేశారు. ఎప్పుడో స్వతంత్రం రాకముందు, ఒక పాత గుర్రపుశాలలో, పద్నాలుగు మంది కుర్రాళ్ళతో మొదలైందట. మొదటి ఏడు వాళ్ళకి నేర్పింది రెండే పనులు. ఒకటి ఊళ్ళ పటాలు గీయడం, రెండోది బోర్డులు రాయడం. ఆ తర్వాత అది కాలేజీ అయింది. ఒక ఇంజనీరింగు యూనివర్సిటీ చేతికింద చాలా ఏళ్ళు ఉంది. ఈమధ్యే విడిపోయి తనే యూనివర్సిటీ అయింది. ఇప్పుడక్కడ పెయింటింగు, శిల్పం, ఫోటోగ్రఫీ, యానిమేషను, ఇళ్ళ లోపలి అలంకరణ, భవనాల డిజైను, అన్నీ ఉన్నాయి. బోర్డులు రాయడం ఒక్కటే పేరు మార్చుకుని అప్లైడ్ ఆర్ట్ అయింది. నాలుగేళ్ళ డిగ్రీ.

అక్కడికొచ్చేసరికి త్రిమూర్తులు గొంతు ఒక మెట్టు పైకెళ్ళేది. "చూశారా అండి, పునాది మాది. ఆ గుర్రపుశాలలో ముందు కూర్చున్నది మావోళ్ళే. నేను చేసే పనికి డిగ్రీ ఉందని ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరైనా చెప్పుంటే నేనూ చదివేవాణ్ణి కదండీ."

ఈ మాట బస్టాండు పక్కన టీకొట్టు పెద్దిరాజుకి ఎనిమిదిసార్లు చెప్పాడు. క్షీరారామం పూజారిగారికి చెప్పాడు. చెప్పులు కుట్టించుకోవడానికి వెళ్ళి అక్కడా చెప్పాడు. ఆయన కడుపులో ఏదీ దాగదు. తుమ్ము వచ్చినా నలుగురికీ చెప్పి తుమ్మే రకం.

అంత ఆశ పెట్టుకోడానికి కారణం ఉంది. మూడేళ్ళ కిందట మెయిన్ రోడ్డులో చిట్టియ్య ఫ్లెక్సు మిషను పెట్టాడు. అంతకుముందు వారం పట్టే బోర్డు అరగంటలో సర్రున బయటికొచ్చేది. అక్షరాలకి పొట్టా ఉండదు, ఒంపూ ఉండదు. అయితేనేం, పెళ్ళికొడుకు ఫోటో పడుతుంది. ఒక్కొక్క కొట్టూ త్రిమూర్తులు చేతిలోంచి జారిపోయింది. ఆ చిట్టియ్యే ఇప్పుడు శ్రీదుర్గని కొట్లో కూర్చోమంటున్నాడు. కంప్యూటరు ముందు కూర్చుని పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ ఫోటోలు అతికించడం పని. సీటు వస్తే హైదరాబాదు, రాకపోతే చిట్టియ్య కొట్టు. మూడోది లేదు.

ఇంటికొచ్చిన రాత్రి శ్రీదుర్గకి అన్నం సయించలేదు. మర్నాటి నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. కాలువ గట్టు దాకా వెళ్తుంది, సగంలో వెనక్కి వస్తుంది. గిన్నెలు కడగడానికి కూర్చుని, కడిగిన గిన్నే మళ్ళీ కడుగుతుంది. రాశానా, రాయలేదా? నిద్రలేస్తే అదే, పడుకుంటే అదే. రాశానని తేలిపోయినా బాగుండును, ఏడ్చి ఊరుకునేది. ఈ తేలకపోవడం ఉంది చూశారూ, అది మనిషిని కూర్చోనివ్వదు.

నాలుగో రోజు ఒక ఆలోచన వచ్చింది. అదే బొమ్మ మళ్ళీ వేసి చూద్దామనుకుంది. చెయ్యి ఏం చేస్తుందో తెలిసిపోతుంది కదా. అరుగు మీద కూర్చుని బస్టాండు వేసింది, గోడ వేసింది, కాఫీపొడి రాసింది. మూల దగ్గర చెయ్యి బిగిసిపోయింది. ముందే అనుకుని వేస్తే అది పరీక్ష ఎలా అవుతుంది? రెండోసారి అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి కబుర్లు చెప్పమంది. అమ్మ మాణిక్యాంబ పక్కవాళ్ళ దూడ తప్పిపోయిన వైనం మొదలెట్టి, అది దొరికేదాకా చెప్పింది. దూడ దొరికేసరికి బొమ్మ మూలన సంతకం ఉంది. మూడోసారి వేస్తే లేదు. నాలుగోసారి ‘బుజ్జి’ దాకా వచ్చి, ఆగింది.

"అన్నీ ఒకటే బొమ్మ కదే. ఎందుకలా కాగితాలు తగలేస్తావ్?" అంది మాణిక్యాంబ.

"ప్రాక్టీసు."

"పరీక్ష అయిపోయాక ప్రాక్టీసేంటే, నీ మొహం."

నాన్నకి చెప్పేద్దామని రోజుకి పదిసార్లు అనుకునేది. ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడేది. ఆయన వెంటనే హాస్టల్లో మంచం ఇస్తారో, చాప పట్టుకెళ్ళాలో అడిగేవాడు. ఆ మొహం చూశాక చాపే పట్టుకెళ్దామని చెప్పి వచ్చేసేది. చిట్టియ్య రెండుసార్లు కబురు పంపాడు, ఒకటో తారీఖు నుంచి వస్తావా రావా అని. చెబుతానంది. ఏం చెప్పాలో ఆ పిల్లకే తెలియదు.

జూన్ నెలలో ఫలితాలొచ్చాయి. తండ్రీ కూతుళ్ళు ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళారు. కుర్రాడు నంబరు కొట్టాడు. పేరు వచ్చింది, ప్రశ్నల పేపరు మార్కులు వచ్చాయి. బొమ్మ పేపరుకి ఎదురుగా మార్కు లేదు. నిలిపివేశామని ఉంది. దాని కింద, ‘ఇరవై నాలుగో తారీఖున రాజమండ్రి కేంద్రానికి తండ్రి లేదా తల్లితో హాజరై వివరణ ఇవ్వవలెను’ అని ఉంది.

"కంప్యూటరు తప్పయ్యుంటుంది. ఇంకోసారి కొట్టు బాబూ" అన్నాడు త్రిమూర్తులు.

కుర్రాడు ఇంకోసారి కొట్టాడు. అదే వచ్చింది.

బయటికొచ్చాక, కాలువ వంతెన మీద, శ్రీదుర్గ ఆగిపోయింది. ఇక దాచి లాభం లేదు. "నాన్నా, నేను బొమ్మ మీద సంతకం పెట్టేశానేమో" అంది. అని, గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది. గోడ సంగతి, బ్రష్షు సంగతి, ఇంట్లో వేసిన నాలుగు బొమ్మల సంగతి.

త్రిమూర్తులు వంతెన పిట్టగోడ పట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. కూతురు తిట్ల కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

"నీ పేరు రాశావా, నా పేరా?" అన్నాడు చివరికి.

"నా పేరు ఎప్పుడు రాశాను నాన్నా? నీదే."

ఆ రోజు నుంచీ ఇంట్లో కాలు గాలిన పిల్లులు రెండయ్యాయి. ఈవిడ అరుగు మీద, ఆయన వీధిలో. పెద్దిరాజు టీకొట్టుకి కూడా వెళ్ళడం మానేశాడు. ముందురోజు రాత్రి తెల్లచొక్కా తనే ఉతుక్కుని, ఇస్త్రీ చేసుకుని, మళ్ళీ విప్పి మళ్ళీ ఇస్త్రీ చేశాడు.

రాజమండ్రిలో ఆ కేంద్రం ఒక కాలేజీ మొదటి అంతస్తులో పెట్టారు. వరండాలో బెంచీ మీద రెండు గంటలు కూర్చోబెట్టారు. త్రిమూర్తులు పదిసార్లు లేచి పదిసార్లు కూర్చున్నాడు. నీళ్ళు తాగొస్తానని వెళ్ళి తాగకుండానే వచ్చాడు. శ్రీదుర్గ గోరు కొరుక్కుంటూ, నిజం చెప్పేసి కాళ్ళావేళ్ళా పడదామనుకుంది. ఒట్టేసి, అలవాటుగా జరిగిపోయిందని చెబితే వినరా? మనుషులే కదా.

లోపల ఇద్దరున్నారు. ఒకరు యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు కౌముది గారు. యాభై దాటిన మనిషి, నేత చీర, మెడలో గొలుసుకి కళ్ళజోడు. పక్కన ఈ కేంద్రం చూసే చంద్రరావు గారు. ఆయన ముందు నిబంధనల పుస్తకం తెరిచి ఉంది.

"కూర్చోండి" అంటూ కౌముది గారు బల్ల మీద ఒక బొమ్మ పరిచింది. "ఇది నీదేనామ్మా?"

శ్రీదుర్గ తన బస్టాండు చూసింది. బస్సు, బొండాలు, చేపల మనిషి, గోడ. గోడ కుడివైపు కింది మూల, చీమంత అక్షరాలు. బుజ్జి ఆర్ట్స్, పాలకొల్లు. ఇన్నాళ్ళూ తేలనిది తేలిపోయింది.

"నాదేనండి."

"ఈ అక్షరాలు కాగితం మూలన రాసుంటే మనం మాట్లాడుకోడానికి ఏమీ ఉండేది కాదు. రద్దయిపోయేది. నువ్వు బొమ్మలోని గోడకి రాశావు. దిద్దినవాళ్ళలో ఒకరు అది బొమ్మలో భాగమే అన్నారు. ఊళ్ళో గోడల మీద ఆర్టిస్టు పేరుంటుంది, చూసింది చూసినట్టు వేసిందన్నారు. ఇంకొకరు, కాదు, ఇది అభ్యర్థి తన గుర్తు తెలిసేలా రాసుకుందన్నారు. అందుకే పిలిచాం."

చంద్రరావు గారు పుస్తకం మీద వేలు పెట్టాడు. "విషయం చిన్నదేనండి. ఈ బుజ్జి అన్నాయన మీ అమ్మాయికి గానీ మీ కుటుంబానికి గానీ సంబంధించినవాడైతే పేపరు రద్దు. దాని మీద ఇంకెవరూ ఏం చేయలేరు. సంబంధం లేదంటే ఇక్కడ రాసిచ్చి సంతకాలు పెట్టండి, మార్కులు కలుపుతాం. ఇప్పుడు చెప్పండి, ఎవరీయన?"

కాళ్ళావేళ్ళా పడ్డం గురించి పుస్తకంలో ఏమీ లేదని శ్రీదుర్గకి అర్థమైంది. అవును అంటే సీటు లేదు. కాదు అంటే, పక్కనే కూర్చున్న మనిషిని కాదనాలి. నోరు తెరిచింది. "ఆయన మా..." అంది.

"మా ఊరోడేనండి" అన్నాడు త్రిమూర్తులు.

గొంతు మామూలుగానే ఉంది. చొక్కా బొత్తం సరిచేసుకున్నాడు. "బస్టాండు దగ్గర ఉండేవాడండి. మాకేం కాడు. చిన్నప్పటి నుంచీ గోడల మీద ఆ పేరు చూస్తా ఉంటది కదండీ, మా అమ్మాయి ఉన్నది ఉన్నట్టు దింపేసింది."

"ఉండేవాడంటే?"

"ఇప్పుడు లేడండి. ఫ్లెక్సులొచ్చాక పని లేక ఎటో వెళ్ళిపోయాడు."

శ్రీదుర్గ నాన్న మొహంలోకి చూసింది. ఆయన చూడలేదు. కౌముది గారు దరఖాస్తు తిరగేస్తోంది. "తండ్రి వృత్తి పెయింటరు అని రాసుంది. మీరూ ఆ పనేనా?"

"అబ్బే, కాదండి. నేను ఇళ్ళకి సున్నాలు వేస్తానండి. వచ్చే పోయే రంగుల పని. మనకి అక్షరాలు రావండి."

సున్నాలేసే మనిషివా అని ఒకసారి నరసాపురం సేటు ఎవరో నోరు జారితే, సగం రాసిన బోర్డు నిచ్చెన మీద వదిలేసి, అడ్వాన్సు మొహాన కొట్టి వచ్చిన మనిషి. ఆ మాట ఇప్పుడు తన నోటితో తనే అన్నాడు, చేతులు కట్టుకుని మరీ. శ్రీదుర్గకి లేచి గట్టిగా అరవాలనిపించింది. ఈయనే బుజ్జి, పాలకొల్లులో ఏ గోడనడిగినా చెబుతుంది అని అరవాలనిపించింది. బల్ల కింద ఆయన కాలు వచ్చి ఆమె పాదం మీద పడింది. గట్టిగా నొక్కి ఉంచింది.

చంద్రరావు గారు కాగితం ముందుకి తోశాడు. ఏం రాయాలో చెప్పాడు. శ్రీదుర్గ రాసింది. ‘నా బొమ్మలోని గోడపై గల బుజ్జి అను పేరుగల వ్యక్తి నాకు గాని, నా కుటుంబమునకు గాని ఏమియు కాడు.’ ఆ ‘కాడు’ దగ్గర కలం ఆగింది. చెయ్యి ఇప్పుడు మాత్రం బుర్ర చెప్పేదాకా కదల్లేదు. పాదం మీద బరువు ఇంకాస్త పెరిగింది. రాసి, పేరు పెట్టింది. త్రిమూర్తులు కలం తీసుకుని, కింద, ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కుంటూ, కె. త్రిమూర్తులు అని రాశాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ పేరు రాసిన అలవాటు లేదు.

"అయిపోయిందమ్మా. వారంలో మార్కులు పెడతారు. బొమ్మ బావుంది, భయపడకు" అంది కౌముది గారు. బొమ్మ చుట్టబోయి ఆగింది. కళ్ళజోడు పెట్టుకుని ఆ చీమంత అక్షరాల మీదికి వంగింది. "మొన్న నేనీ పేరు చూసి పాలకొల్లు మీదుగా వెళ్ళానండి, తోవలో గోడలు చూద్దామని. ఆ ‘జ్జి’ని ఒక్క విసురులో తిప్పేవాడు చాలా రోజుల తర్వాత కనిపించాడు. ఎక్కడ నేర్చుకున్నాడో."

త్రిమూర్తులు కలం బల్ల మీద పెట్టాడు.

"మా యూనివర్సిటీ మొదలైందే బోర్డులు రాయడంతో. ఇప్పుడు మా పిల్లలకి చేత్తో అక్షరం వేసి చూపించేవాడు లేడు. ఈ ఏడు నుంచి అలాంటివాళ్ళని నలుగురిని పిలిచి, క్లాసులో నిలబెట్టి చెప్పించాలనుకుంటున్నాం. గెస్టు లెక్చరరు కింద. ఆయన ఆచూకీ ఎక్కడైనా తెలిస్తే నాకు ఉత్తరం ముక్క రాయండి." తన అడ్రసు కార్డు ఒకటి తీసి ఇచ్చింది.

త్రిమూర్తులు రెండు చేతులతో అందుకున్నాడు. "తెలిస్తే రాస్తానండి" అన్నాడు. లేచి, దణ్ణం పెట్టి, కూతురి భుజం పట్టుకుని గది దాటించాడు.

మెట్లు దిగాక శ్రీదుర్గ ఆగింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. "పైకి పోదాం నాన్నా. చెప్పేద్దాం. నాకీ సీటు వద్దు."

"నోర్మూసుకుని నడు" అన్నాడు త్రిమూర్తులు. అంత కటువుగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. "నీకు సీటు వద్దా? చిట్టియ్య కొట్లో కూర్చుంటావా? నడవ్వే."

ఆర్టీసీ కాంప్లెక్సులో పాలకొల్లు బస్సు దొరికింది. గౌతమి వంతెన మీద గాలి రివ్వున కొడుతోంది. ఆయన జేబులోంచి కార్డు తీశాడు, చూశాడు, పెట్టేశాడు. మళ్ళీ తీశాడు.

"ఆవిడ ఏవన్నారే?"

"ఎప్పుడు?"

"అదే. ఆఖర్న. ఏవన్నారు?"

శ్రీదుర్గ మొహం తుడుచుకుంది. "ఆ ‘జ్జి’ని ఒక్క విసురులో తిప్పేవాణ్ణి చాలా రోజుల తర్వాత చూశానన్నారు."

"చాలా రోజుల తర్వాత అన్నారా, చాలా ఏళ్ళ తర్వాత అన్నారా?"

"రోజులన్నారు."

"ఊఁ." కార్డు అటూ ఇటూ తిప్పాడు. "గోడలు చూడ్డానికి పాలకొల్లు మీదుగా వచ్చారంట. విన్నావా? పనిగట్టుకుని." కార్డు జేబులో పెట్టేశాడు. "క్లాసులో నిలబెట్టి అన్నారు కదూ?"

"అవును నాన్నా. గెస్టు లెక్చరరు అన్నారు."

"లెక్చరరు" అన్నాడు త్రిమూర్తులు, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు. మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూడలేక శ్రీదుర్గ కిటికీ వైపు తిరిగింది. సిద్ధాంతం వచ్చేలోపు ఆ మాటలు ఇంకో రెండుసార్లు చెప్పించుకున్నాడు. ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే విన్నాడు. ముందు సీట్లో ఎవరో పెద్దాయన వెనక్కి తిరిగి, ఏ ఊరండి మీది, అనడిగాడు. ఊరి పేరు చెప్పి ఊరుకున్నాడు.

పాలకొల్లులో దిగేసరికి పొద్దు వాలుతోంది. టీకొట్టు పెద్దిరాజు దూరం నుంచే చూసి, రెండు గ్లాసులు కడిగి పెట్టాడు. "రా బుజ్జీ, వారం రోజుల్నుంచి కనపడ్డం మానేశావ్. రాజమండ్రి వెళ్ళారంటగా. ఏవైంది? పెద్ద ప్రొఫెసర్లు ఏవన్నారేంటి?"

త్రిమూర్తులు నోరు తెరిచాడు. చెయ్యి జేబులో కార్డు మీదికి వెళ్ళింది.

"ఏవుందండి" అన్నాడు, గ్లాసు అందుకుంటూ. "సర్టిఫికెట్లు చూశారు. వచ్చేశాం."